తాళము – ముగ్గు

సంక్రాంతి సెలవులలో మన నెల్లూరు తీరమున, మైపాడు మొదలు కృష్ణపట్నము వఱకు, పెక్కిండ్లకు తాళములు పడును. భోగి మొదలు కనుమ దాఁక వీధియెల్ల రంగవల్లులతో నిండియుండఁగా, ముగ్గులేని వాకిలి యొక్కటియే దొంగకుఁ గబురంపును. ఎంత గట్టి తాళమైనను ఇంట నెవ్వరును లేరనియే చాటును గదా!

కావున మేము ఊరికిఁ బోవునపుడు పాలవానిని, పత్రికవానిని రావలదని చెప్పి, నగలను బ్యాంకులాకరునం దుంచుదుము. పొరుగింటి యమ్మ ఉదయమునఁ గల్లాపి చల్లి ముగ్గుపెట్టును. సందెవేళ దీపము వెలిగించును. ఆమె యూరికేగినపుడు మేమును అట్లే చేయుదుము. ప్రయాణపు ఛాయాచిత్రములను తిరిగివచ్చువఱకు ఫోనులో నెవ్వరికిని జూపము.

ముందుగాఁ దెలిపినవారి తాళమువేసిన యింట కెమెరా నమర్చు ఏర్పాటును మన రాష్ట్రపు పోలీసువారు 2017 నాటికే కావించిరి. ఠాణాలో విచారింపుఁడు; అనుమానము గలిగినచో 112కు ఫోను చేయుఁడు.

అయినను కెమెరా దొంగ లోనికి వచ్చిన పిమ్మటనే పలుకును. పొరుగమ్మ పెట్టిన ముగ్గు వానిని వీధిలోనే మరలించును. చిన్న తగవునకై పొరుగింటితో మాటలు మానియున్నవారు పండుగకు ముందే పలుకరింపుఁడు.