వాననీటి మొక్క

గుంతకల్లునకు చేరువనున్న చిప్పగిరి, విజయదాసులవారు 1755లో దేహము చాలించిన క్షేత్రమని హరిదాస భక్తులెల్లరు ఎరుగుదురు. తక్కినవారికి అది నల్లరేగడి చేలును, మట్టిమిద్దెలును గల పల్లె. అచ్చట వాన అరుదు, బోరునీరు ఉప్పన. అట్టి యూరిలో, వేరు ఆరినచో బ్రతుకజాలని మొక్కను పెంచవలెనని ఎనిమిదవ తరగతి చదువు బాలిక యొకతె పట్టుపట్టెను.

ఆ మొక్క పేరు డ్రాసెరా. మంచుతో తడిసినదని ఆ గ్రీకు మాటకు అర్థము. దాని యాకులపై ఎఱ్ఱని నూగు మొలచియుండును. ప్రతి నూగు కొనయందును ఒక జిగురుబొట్టు ఎండలో తళతళలాడుచుండును. దానిపై వ్రాలిన దోమ మరల లేవలేదు. చుట్టునున్న నూగు మెల్లగా దానిమీదికి వంగును. ఆకునుండి యూరిన రసము పురుగులోని మెత్తని భాగమును కరిగించును. ఇట్లు పురుగును తినుట క్రూరత్వముచేత కాదు. ఆ మొక్క పుట్టు చిత్తడి ఇసుక నేలలలో నత్రజని మిక్కిలి తక్కువ. నేల పెట్టని కూడును అది గాలిలోనుండి పట్టుకొనును. చార్లెస్ డార్విన్ 1860లో ఈ మొక్కలను పరిశీలింప మొదలిడి, పదునైదేండ్లకు, అనగా 1875లో, కీటకాహార మొక్కలపై గ్రంథము ప్రకటించెను. మొక్క మాంసము తినునని లోకము నమ్మునట్లు చెప్పుటకు ఆయనకు అంత ఓపిక కావలసివచ్చినది.

బాలిక మొదట కోరినది పడమటి ఆస్ట్రేలియాలోని మరుగుజ్జు డ్రాసెరాను. అవి గోరంత మొక్కలు. చలికాలము వచ్చుచుండగా వాని నడుమ ఆవగింజలకన్న చిన్నవైన మొగ్గలు గుత్తిగా పుట్టును. వానచినుకు తాకగానే అవి ఎగిరి దూరముగా పడి, ఒక్కొక్కటి ఒక్కొక్క మొక్క యగును. బొమ్మ చూచి ఆమె మురిసిపోయెను గాని, బెంగుళూరులో నుండు మేనమామ ఒప్పుకొనలేదు. “అవి చల్లని తడి శీతకాలమునకు అలవడినవి, పాపా! మన దేశపుదానిని ముందు పెంచి చూడు,” అని, తన స్నేహితుడు కుండీలలో పెంచిన మొక్కల విత్తులను కాగితపు మడతలో పెట్టి తెచ్చెను. అడవిలోని మొక్కలను పెరికి తెచ్చినచో అది పెంపకము కాదు, దొంగతనము. ఆ మాట ఆయన గట్టిగానే చెప్పెను.

ఆ విత్తులు బర్మన్ డ్రాసెరావి. సింహళపు మొక్కలపై 1737లో గ్రంథము ప్రకటించిన డచ్చి శాస్త్రజ్ఞుడు బర్మన్ పేరు దానికి పెట్టిరి. ఈ జాతి ఆంధ్రదేశపు తడినేలలలోను కలదు. మొక్క రూపాయి బిళ్లయంత. కాని దాని యంచుననున్న పొడవైన నూగు కొలది క్షణములలోనే పురుగుపైకి వంగును.

బాలిక తొలుత రేగడిమట్టిలో పశువులయెరువు కలిపి కొన్ని విత్తులు చల్లెను. ప్రేమతో చేసిన పనియే! మొలచినవి నాలుగు, వారము తిరుగకుండ నాలుగును నల్లబడెను. రెండవమారు కడిగిన ఇసుకలో మామ తెచ్చిన నాచుమట్టిని కలిపి విత్తెను గాని, బోరునీరు పోసెను. ఇసుకపై తెల్లని ఉప్పుపొర కట్టినది, మొలకలు మాడినవి. సారమును ఉప్పును ఈ వేళ్లు సహింపవు. వాననీరే కావలెను.

ఇచ్చట ఇంటిలో చిక్కు వచ్చినది. మట్టిమిద్దెపైనుండి జారిన నీరు బురద. ఆకాశమునుండి నేరుగా పట్టవలెను. భాద్రపదమాసమున జల్లు కురియగా తాత ఉతికిన పంచెను నాలుగు కట్టెలకు కట్టి, క్రింద బిందె నుంచెను. అవ్వ కోపించెను. “మనుషులకే నీళ్లకు బిందెలు వరుసన పెట్టవలసిన ఊరు. ఈ పురుగులు తినెడి గడ్డికి దాచుచున్నారా?” అనెను. ఆమె చిన్ననాట క్రోసెడు దూరమునుండి నీరు మోసినది. ఆ మాటకు బదులు చెప్పుట ఎవరికిని తోచలేదు. చివరకు బిందె ఇంటిదనియు, దినమునకు గిన్నెడు మాత్రమే మొక్కదనియు తీర్మానమైనది.

మూడవమారు బాలిక విత్తులపై మన్ను కప్పక, పైపైన చల్లి, కుండీని పళ్లెములో నిలిపి, పళ్లెమున వ్రేలి మందమున వాననీరు పోసెను. మూడు వారములకు ఇసుకపై పచ్చని చుక్కలు కనబడెను. చుక్కలు చక్రములైనవి, చక్రములకు ఎఱ్ఱని నూగు పుట్టినది. అవ్వ కూడ, దీపముచుట్టు తిరుగు దోమ ఒకటి అందు చిక్కినదని చూచి, “మంచి పనియే చేయుచున్నది,” అని ఒప్పుకొనెను.

పుష్యమాసమున చక్రము నడుమనుండి తేలుతోకవలె వంగిన కాడ లేచి, క్రమముగా నిటారై మొగ్గలు తొడిగెను. కాని పూవు ఎండవేళ కొన్ని గంటలు మాత్రమే విచ్చును. ఉదయము బడికి పోవునప్పుడు మొగ్గ; సాయంకాలము వచ్చునప్పటికి ముడుచుకొన్న పూవు. ఐదు దినములు ఇట్లే గడచెను. ఆదివారమునాడు ఆమె కుండీయెదుట కూర్చుండి కదలలేదు. ఎండ పైకెక్కగా అయిదు తెల్లని రేకులు విప్పుకొన్నవి. బియ్యపుగింజంత పూవు! చూచుటకు తాతకు కండ్లద్దములు కావలసివచ్చెను.

తేనెటీగ రాకున్నను ఆ పూవు తన పుప్పొడితో తానే కాయ కట్టుకొనెను. పిమ్మట ఆకుల జిగురు ఆరి, మొక్క వాడిపోయెను. బాలిక ఏడ్చెను, నీరు తక్కువైనదేమో అని గిన్నెను పదేపదే చూచుకొనెను. ఈ జాతి మొక్క సామాన్యముగా విత్తు రాల్చి చనిపోవునని తాత చెప్పినను ఆమె నమ్మలేదు. ఎండిన కాయను అరచేత విదిలించినప్పుడు నల్లని పొడి రాలినది. అదంతయు విత్తులే.

విత్తులను కాగితమున మడచి బియ్యపుడబ్బా వెనుక దాచిరి. వేసవి గడచి, జ్యేష్ఠమాసమున ఒక రాత్రి ఉరిమినది. బాలిక లేచి వెలుపలికి వచ్చునప్పటికి అవ్వ చీకటిలో ఉతికిన పంచెను కట్టెలకు ముడివేయుచుండెను. “ఆ కొన పట్టుకో, పాపా! గాలి లేచినది,” అనెను.