సెరంగూన్ రోడ్డు కొట్లు

కె.గంగవరంలో బస్సెక్కి ద్రాక్షారామం మీదుగా కాకినాడ, అక్కణ్ణుంచి విశాఖపట్నం, విశాఖలో రాత్రి విమానం. తెల్లారేసరికి సింగపూర్‌లో ఉన్నాను. ముందు అందరూ చూసేవే చూశాను. చాంగి విమానాశ్రయం పక్కన 2019లో తెరిచిన జ్యువెల్ మాల్‌లో, గాజు కప్పు నడుమ నుంచి 40 మీటర్ల జలపాతం కిందికి దూకుతుంది. ఆర్చర్డ్ రోడ్డులో మాల్‌లోంచి మాల్‌లోకి నేల కిందనుంచే నడిచిపోవచ్చు. బాగానే ఉన్నాయి. కానీ ఏ అంతస్తుకెళ్ళినా అవే పేర్లు, అదే చల్లదనం. ఒక్క పూటకే చాలనిపించింది.

మనసు నిలిచింది సెరంగూన్ రోడ్డు చుట్టూ ఉన్న లిటిల్ ఇండియాలో. మెట్రో దిగి పైకి రాగానే టెక్కా మార్కెట్. కింద చేపలు, కూరగాయలు, పైన చీరలు, కుట్టుపనివాళ్ళు. కొబ్బరికాయ కనబడితే కోనసీమ వాళ్ళకి కాళ్ళు సాగవు కదా, ఆ కొట్టు దగ్గరే ఆగిపోయాను. కొట్టతను చిప్ప ఒలిచి, పైనున్న గోధుమరంగు పొట్టు కూడా చెక్కేసి, తెల్లటి కొబ్బరిని మరలో వేస్తున్నాడు. తురుము మల్లెమొగ్గల్లా రాలుతోంది. తురిమే ముందు ప్రతి ఒక్కరినీ ఒకటే అడుగుతున్నాడు: పచ్చడికా, పాలకా? చెప్పినదాన్ని బట్టి పొట్టు తీసేస్తాడు, లేదా ఉంచేస్తాడు. ఇంత కొబ్బరి పండే మా వైపు ఇలా అడిగి తురిమిచ్చే కొట్టు నేనెక్కడా చూడలేదు.

ఈ కొట్లు వాటంతట అవే మిగల్లేదు. ఆ మార్కెట్ ఉన్న టెక్కా సెంటర్ 1982లో ప్రభుత్వం కట్టించినది. వీధుల్లోని రెండంతస్తుల పాత కొట్లనైతే 1989లో రక్షిత ప్రాంతంగా ప్రకటించి, కూలగొట్టకుండా కాపాడారు. ప్రతి కొట్టు ముందూ కప్పున్న నడవ ఉండాలని 1822లో బ్రిటిష్ అధికారి రాఫెల్స్ వేయించిన పట్టణ ప్రణాళికలోనే రాశారు. వాన కుండపోతగా పడుతున్నా పూలకొట్టు నుంచి బంగారం కొట్టు దాకా తడవకుండా నడిచాను. మా రామచంద్రపురం బజారులో ఎండకీ వానకీ జనం పడే పాట్లు గుర్తొచ్చి, అంత చిన్న నియమం మనమెందుకు పెట్టుకోలేకపోయామా అని బాధేసింది.

ఆ వీధుల మధ్యే ముస్తఫా సెంటర్ ఉంది. సూది నుంచి ఫ్రిజ్ దాకా దొరికే కొట్టు. ఒకప్పుడు 24 గంటలూ తెరిచుండేది, కోవిడ్ తర్వాత రాత్రి బాగా పొద్దుపోయాక మూస్తున్నారు. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన కుటుంబానికి చెందిన ముస్తాక్ అహ్మద్, తండ్రితోనూ మరో బంధువుతోనూ కలిసి 1971లో క్యాంప్‌బెల్ లేన్‌లో పెట్టిన చిన్న బట్టల కొట్టే ఇంతయింది. 1995లో సయ్యద్ ఆల్వీ రోడ్డుకి మారింది. బేరం లేని ఒకటే ధర దానికి పేరు తెచ్చింది. ఇద్దరు ఎదురైతే ఒకరినొకరు ఒరుసుకుని తప్పుకోవాల్సినంత ఇరుకు దారులు, నిలువునా పేర్చిన సరుకు. ఎంత పెరిగినా అది కొట్టే, మాల్ కాలేదు. నాకు నచ్చిందీ అదే.

ఆదివారం సాయంత్రం ఆ వీధులు వలస పనివాళ్ళతో కిక్కిరిసిపోతాయి. ఒక కిరాణా కొట్లో తెలుగు వినబడి పలకరించాను.

"ఏ ఊరు బాబూ మీది?"

"ఆయ్, ముమ్మిడివరం పక్కనండి. మీరు?"

"కె.గంగవరం."

"కోటిపల్లి రేవు దాటితే మీరేనండి!" అని మొహం విప్పార్చి నవ్వాడు. షిప్‌యార్డులో వెల్డరు. ముస్తఫా అంత దగ్గర్లో ఉండగా ఈ చిన్న కొట్టుకెందుకొస్తావని అడిగాను.

"ఊరెళ్ళేటప్పుడు సూట్‌కేసూ, పిల్లలకి చాక్లెట్లూ అక్కడేనండి. కూరలకి మాత్రం ఇక్కడికే. ఈయనకి మన మొహం తెలుసండి. జీతం ఆలస్యమైతే ఆగుతాడు. లేనిదడిగితే తెప్పించి పెడతాడండి."

ఆ రోజు గోంగూర లేదు. కొట్టతను చీటీ మీద ఏదో రాసుకుని, వచ్చే వారం రెండు కట్టలు పక్కన పెడతానని వచ్చీరాని తెలుగులో చెప్పాడు.