‘ఉ’లో కన్నీరు, ‘సు’లో కూర!

అంత్యాక్షరిలో ‘ఉ’ వచ్చిందంటే మనం కాసేపు తల గోక్కుంటాం. జపాను పాటల్లో మాత్రం ఆ అక్షరం దగ్గర నాకు రెండు మంచి పాటలు దొరికాయి. రెండూ సినిమా వాసన ఉన్నవే!

ఒకటి ‘ఉరామి బుషి’, అంటే పగ పాట. 1972లో ఆడఖైదీ కథతో వచ్చిన చిత్రానికి హీరోయిన్ మెయికో కాజీయే స్వయంగా పాడింది. హాలీవుడ్ ‘కిల్ బిల్’ రెండో భాగం (2004)లో అదే మళ్లీ మోగింది.

రెండోది ‘ఉయె ఓ ముయితె అరుకో’. పైకి చూస్తూ నడుద్దాం అని అర్థం. ఎందుకట? కన్నీళ్లు కిందికి జారకుండా! 1960లో ఓ ప్రజా ఉద్యమం ఓడిన దిగులుతో రొకుసుకె ఎయి రాశాడంటారు. 1961లో క్యూ సకమోతో పాడాడు. మరుసటి ఏడు అదే పేరుతో సినిమా కూడా తీశారు.

1963లో అమెరికాలో మూడు వారాలు నంబర్ వన్! కానీ ఏ పేరుతో? ‘సుకియాకి’. అదొక మాంసం వంటకం. పాటలో దాని ఊసే లేదు! మన విషాద గీతానికి ‘గోంగూర మాంసం’ అని పేరు పెడితే ఊరుకుంటామా?

సకమోతో 1985లో విమాన ప్రమాదంలో పోయాడు. కూర పేరు మాత్రం పోలేదు. నోరు తిరక్కపోయినా సరే, మీరైనా ఆ పాటను ‘ఉ’తోనే పిలవండి!