చందాదారు

చదరంగం ఆడడానికి బల్లకు ఇరువైపులా ఇద్దరు ఉండాలి. పావులన్నీ పేర్చి ఉన్నా, ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంటే ఆట మొదలు కాదు. క్రికెట్టు ఆడదలచినవానికి ఇరవై ఒక్కమందిని పోగుచేయవలసిన కష్టం ఉంటుంది. చదరంగ ప్రియునికి ఒక్కడు దొరకని కష్టం. ఈ రెండవదే పెద్దది.

1983లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో గణితశాస్త్రం చదువుతున్న ఒక విద్యార్థికి ఆ కష్టం కొంతకాలం తెలియలేదు. నల్లగొండ జిల్లా పల్లె నుండి వచ్చిన అతనికి వసతిగృహంలో ఎదుటి గదిలోనే సమఉజ్జీ దొరికాడు. గుంటూరు వైపు వాడు, మితభాషి, గుర్రాలను నడపడంలో దిట్ట. ఇద్దరూ సాయంకాలాలు ఆర్ట్స్ కళాశాల మెట్లమీద అట్టబల్ల పరచుకొని కూర్చునేవారు. 1939లో ప్రారంభమైన ఆ రాతి కట్టడం వెనుకకు పొద్దు వాలి, నల్లపావులు నీడలో కలిసిపోయేవరకు ఆట సాగేది. ఓడినవాడు తార్నాక వరకు నడిచి వెళ్ళి ఇరానీ హోటల్లో టీ ఇప్పించాలి. టీ డబ్బులు ఎక్కువసార్లు నల్లగొండ కుర్రవాడి జేబులో నుండే పోయేవి.

చదువు ముగియగానే గుంటూరు మిత్రునికి భిలాయి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం వచ్చింది. మరో ఏడాది పరిశోధన నిమిత్తం ఇక్కడే ఉండిపోయిన ఈ విద్యార్థికి వసతిగృహమంతా ఒక్కసారిగా నిర్మానుష్యంగా తోచింది. వరండాలో క్యారమ్ బల్ల చుట్టూ ఎప్పుడూ నలుగురు ఉండేవారు. అతనికి కావలసినవాడు మాత్రం వారిలో లేడు.

ఆ రోజుల్లోనే పాతపుస్తకాల మధ్య ఒక చదరంగ మాసపత్రిక సంచిక అతని కంటబడింది. చివరి పుటలో సంవత్సర చందా వివరాలున్నాయి. ఒక నెల సినిమాలు మానుకొని, ఆ డబ్బును మనియార్డరు చేశాడు. ఫారం అడుగున సందేశం రాసేచోట తన చిరునామాను ముత్యాలవంటి అక్షరాలతో రాశాడు. ఆరు వారాల తరువాత గోధుమరంగు కాగితం చుట్టిన సంచిక వచ్చింది. ఆ కాగితంపై అతని పేరు, చందాదారు సంఖ్య ఉన్నాయి. ఇంటి ఉత్తరాలు, కళాశాల నోటీసులు తప్ప మరే కాగితమూ అతని పేరును వెదుక్కుంటూ అంతవరకు రాలేదు.

పత్రికలో ఏముంటుంది? పోటీల ఫలితాలను దినపత్రికలు ముందే ప్రకటించి ఉంటాయి. కనుక వార్తల కోసం ఎవరూ చందా కట్టరు. దినపత్రిక ఎవరు గెలిచారో చెబుతుంది. చదరంగ పత్రిక ఆటనంతటినీ ఎత్తు తరువాత ఎత్తుగా అచ్చువేస్తుంది. అతడు ఒక కాగితం ముక్కతో కింది వరుసలను కప్పి, తరువాతి ఎత్తు ఏమై ఉంటుందో ఊహించి, బల్లమీద పావును కదిపి, ఆపై కాగితాన్ని జరిపి చూసేవాడు. ఊహ ఫలించిననాడు ఎక్కడో ఐరోపాలో ఉన్న మహామహుడు తన ఎదుట కూర్చొని తల ఊపినట్లుండేది.

వట్టి ఎత్తులు అంకెలూ అక్షరాలే. వాటికి ప్రాణం పోసేది వ్యాఖ్య. కాళిదాస కావ్యాలను చదువుకొనేవారికి, మెదకు సీమవాడని పెద్దలు చెప్పే మల్లినాథసూరి ఎంత అవసరమో, చదరంగ పత్రిక పాఠకునికి వ్యాఖ్యాత అంత అవసరం. కొన్నిసార్లు ఓడిన ఆటగాడే వ్యాఖ్య రాస్తాడు. ఎక్కడ తొందరపడ్డాడో, ఏ బంటును చులకనగా చూశాడో దాచకుండా చెబుతాడు. మల్లినాథునికి కూడా కాళిదాసు నోటి నుండి అటువంటి ఒప్పుకోలు వినే భాగ్యం కలగలేదు.

ఈ పత్రికల కోసం మనుషులు ఎంత శ్రమపడ్డారో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1972లో ప్రపంచ విజేత అయిన అమెరికా ఆటగాడు బాబీ ఫిషర్, సోవియట్ చదరంగ పత్రికలు చదవడానికే రష్యను భాష నేర్చుకున్నాడు. ఆ శ్రమ అందరికీ సాధ్యం కాదు. 1966లో బెల్‌గ్రేడ్ నుండి వెలువడిన 'చెస్ ఇన్ఫార్మెంట్' వ్యాఖ్యలను మాటలకు బదులు గుర్తులతో ముద్రించి, ఏ దేశంవాడైనా చదువుకొనే మార్గం చూపింది. భాషాబోధకులకు ఇది కొంచెం చిన్నతనమే!

బల్లమీద ఆడే మరొక ఆటకూ ఇదే చరిత్ర ఉంది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే అమెరికన్లు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటను ప్రచురించారు. అందులో ఒకరు కథ నడుపుతారు. తక్కినవారు వీరులుగా, మాంత్రికులుగా పాత్రలు ధరించి, ఏం చేయదలచారో చెబుతారు. ఫలితాన్ని పాచికలు తేలుస్తాయి. దానికోసం 'డ్రాగన్' అనే పత్రిక 1976లో మొదలై, 2007 వరకు అచ్చులో నడిచింది. బల్ల చుట్టూ కూర్చోవడానికి తోడు దొరకని పాఠకులు అటువంటి పత్రికల్లోని సాహసయాత్రలను చదివి, మనసులోనే ఆడుకొనేవారు. నిజానికి తోడున్నవానికి పత్రిక అలంకారం, తోడులేనివానికి అదే ఆహారం.

మన నేలకు ఇది కొత్త కాదు. అవధానంలో పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు. వారిలో చదరంగం ఆడించేవాడూ కొన్ని సభల్లో ఉంటాడు. అయితే పృచ్ఛకునిగా పీఠం దక్కేది కొద్దిమందికే. అందుకే ఆకాశవాణి సమస్య ఇచ్చినప్పుడు ఎక్కడెక్కడి పద్యప్రియులో పూరణలను కార్డుమీద రాసి పంపి, తమ పేరు చదువుతారేమోనని రేడియో ముందు చెవులు రిక్కించుకొని కూర్చునేవారు.

చదరంగ పత్రికలోనూ అటువంటి పుట ఒకటి ఉండేది. ప్రతి సంచికలో ఒక చిక్కు ఇచ్చి, సరైన పరిష్కారం పంపినవారి పేర్లను ఊరి పేర్లతో అచ్చువేసేవారు. పరిశోధన అర్ధంతరంగా విడిచి బ్యాంకు ఉద్యోగంలో చేరిన మన చందాదారు, బదిలీ అయిన ప్రతి ఊరి నుండి మొదట రాసిన ఉత్తరం పత్రికకు కొత్త చిరునామా తెలిపేదే. ఒకసారి ఆ జాబితాలో తన పేరు వెదుక్కుంటూ ఉండగా, నాలుగు పేర్ల కింద గుంటూరు మిత్రుని పేరు, పక్కనే 'భిలాయి' అనే మాట కనిపించాయి. పెళ్ళిళ్ళు, పిల్లలు, బదిలీల మధ్య వారి ఉత్తరాలు ఆగిపోయి అప్పటికి ఎనిమిదేళ్ళయింది.

ఆయన వెంటనే ఉత్తరం రాయలేదు. ఇన్నేళ్ళ మౌనానికి ఏమని సంజాయిషీ చెప్పుకోవాలి? కాని ఆనాటి నుండి సంచిక రాగానే ముందుగా ఆ జాబితానే చూసేవాడు. మిత్రుని పేరు ఉంటే క్షేమం. అవతల భిలాయిలోనూ ఒకరు అలాగే చూస్తూ ఉండవచ్చునని ఆయన నమ్మకం. పలకరింపు లేని ఆ స్నేహం ఆరేళ్ళు సాగింది. తరువాత ఒక నెల ఆ పేరు లేదు. మరుసటి నెలా లేదు. మూడవ నెల కూడా లేకపోయేసరికి, పత్రిక కార్యాలయం ద్వారా చిరునామా సంపాదించి, ఒక పోస్టుకార్డు రాశాడు.

పన్నెండు రోజులకు జవాబు వచ్చింది. కంటిలో శుక్లాలకు శస్త్రచికిత్స జరిగిందట, చిన్న అక్షరాలు చదవవద్దన్నారట. సంజాయిషీలేవీ లేవు. చివర, రాజు ముందున్న బంటును రెండు గడులు జరిపినట్లు రాసి, “నీ ఎత్తు కోసం చూస్తుంటాను. ఓడితే తార్నాకలో టీ” అని ఉంది. కార్డు వెళ్ళి కార్డు రావడానికి పది పన్నెండు రోజులు పట్టేది. ఆ ఆట ఏడాదికి పైగా నడిచింది. గెలిచింది మళ్ళీ గుంటూరువాడే.

ఆ మిత్రుడు ఇప్పుడు లేడు. మన చందాదారు పదవీ విరమణ చేసి తార్నాకలో స్థిరపడ్డాడు. ఉదయం విశ్వవిద్యాలయ ప్రాంగణంలో నడక, తిరిగి వస్తూ మెట్రో స్టేషను నీడలో టీ. చరవాణిలో ప్రపంచంలోని ఏ ఆటగాడితోనైనా మూడు నిమిషాల ఆట ఆడవచ్చునని ఆయనకు తెలుసు, ఆడతాడు కూడా. “అన్నీ ఫోనులోనే వస్తుంటే ఈ కాగితాలకు ఇంకా డబ్బు కట్టడమెందుకు నాన్నా?” అని కుమార్తె అడిగింది. ఆయన జవాబు వెదుక్కుంటూ అల్మారాలోని పాత సంచిక ఒకటి తీసి, పేర్ల జాబితా ఉన్న పుట తెరిచి ఆమె చేతికిచ్చాడు. ఆమె చదువుతూ ఉండగా బల్లమీది చందా ఫారాన్ని దగ్గరకు జరుపుకున్నాడు. అందులో ఒక సంవత్సరం, రెండు సంవత్సరాలు, మూడు సంవత్సరాలు అని మూడు గడులు ఉన్నాయి. ఆయన కాసేపు కలం పట్టుకొని ఆలోచించి, మూడవ గడిలో గుర్తు పెట్టాడు.