కన్నుల యెదుట మాఱు లెక్క

బేరము ముగిసిన పిమ్మట వచ్చు లెక్క యోదార్పునకే గాని యుపయోగమునకు గాదు. పుంగనూరునుండి మా వదినగారు మదనపల్లె మండీకి టమాటాలు పంపుదురు. బాడుగ, కూలి, కమీషను పోగా మిగులున దేమో, ధర పలుకుచుండగనే తనకు దెలియవలెనని నన్నడిగిరి. అందుకై యామె సెల్‌ఫోనున కొక చిన్న పుట వ్రాసి యిచ్చితిని.

పుటలో గడులు గలవు. క్రింద మిగులు సొమ్ము. మీట నొక్క బనిలేదు. అంకె మాఱిన తోడనే మొత్తము మాఱును. పుట యొకసారి తెఱచిన చాలును, లెక్క ఫోనులోనే జరుగును గనుక మండీలో సిగ్నలు లేకున్నను భయము లేదు. పోయిన నెల నొక ధరకు మిగులున దెంతయో చూచి యామె తల యూపలేదు. పెట్టెకు మఱి పది రూపాయలు పెంచిరి.

ఇందు మాయ లేదు. 1995లో నెట్‌స్కేప్ సంస్థయందు బ్రెండన్ ఐక్ రూపొందించిన జావాస్క్రిప్టు గడికడకు కావలి కాయును. 'చేంజ్' అను కావలి వ్రాత ముగించి గడి విడిచిన గాని పలుకదు. 'ఇన్‌పుట్' అనునది యక్షర మక్షరమునకు బలుకును. కూర దింపిన పిమ్మట ఉప్పు చూచుటకును, ఉడుకుచుండగా జూచుటకును గల భేదమే యిది.

గడిలోనిది మనకు సంఖ్యయైనను యంత్రమున కక్షరములే. మార్పక కూడినచో 20కి 30 కలిపిన 2030 యగును. బాడుగయు గూలియు నిట్లు కలిసిన నిల్లు గుల్లయే! మార్చునప్పుడు ఖాళీ గడి సున్న యగును గనుక, ధర వ్రాయక మున్నే నష్టము కనబడును. కావున గడులన్నియు నిండువఱకు మొత్తము చూపవలదని వ్రాసితిని. తెలుగంకెలు వేసిన నవి సంఖ్యలే కావనును. ఇది నాకు మిక్కిలి కష్టముగా దోచినది.

కుప్పములోని మా పినతల్లిగారికి బట్టుగూళ్ళ లెక్క కావలసి వచ్చెను. ఆమెకు జూపు మందగించినందున ఫోనే చదివి వినిపించును. మాఱిన మొత్తమును దానంతట నది చదువదు. ఆ చోటికి 'ఏరియా-లైవ్' అను గుఱుతు పెట్టి, 'పొలైట్' అని వ్రాయవలెను. అనగా జదువుచున్న మాట ముగిసిన పిదపనే చెప్పుమని. అక్షర మక్షరమునకు బలికిన జెవులు హోరెత్తును గాన, చేయి నిలిచిన యర సెకనుకు గాని మొత్తము మార్పకుండునట్లు చేసితిని.

విని పినతల్లిగారు, "అమ్మాయీ, దీనికింత తొందరెందుకే?" అనిరి. ఒక సెకను చేసితిని.