పగడాల్లేవు, మడలున్నాయి!

అండమాన్ వీడియోలు చూసి మావాడు, పగడపు దిబ్బలు చూడ్డానికి ఈత కళ్లద్దాలు కారులో పెట్టాడు. గుడివాడలో టిఫిన్, బందరులో లడ్డూ, మోపిదేవిలో దర్శనం... అవనిగడ్డ మీదుగా హంసలదీవి చేరాం. సాగరసంగమం దగ్గర నీళ్లన్నీ బురదరంగే!

"పగడాలేవి నాన్నా?"

పగడానికి తేట ఉప్పునీరు కావాలి. కృష్ణమ్మ తెచ్చేది మంచినీరు, ఒండ్రు. ఆ ఒండ్రే దివిసీమను కట్టింది. అందులోనే మడచెట్లు వేళ్లు పైకి లేపి ఊపిరి పీలుస్తాయి.

"1977 నవంబరు 19 ఉప్పెనలో వేలమంది పోయార్రా" అంది అమ్మ. అలల జోరు తగ్గించే పని అక్కడ పగడాలది, ఇక్కడ మడలది.

మావాడు కళ్లద్దాలు లోపల పెట్టేసి, ఆ వేళ్లు లెక్కపెట్టడం మొదలెట్టాడు.

మీరూ వెళ్లండి. సంగమంలో మాత్రం ఈతకు దిగకండి.