దీపావళియు ధూమావళియు

దీపావళి యనగా దీపముల వరుస. ఆ పేరులో వెలుగు కలదు గాని చప్పుడు లేదు, పొగ యంతకంటెను లేదు. అయినను ఆశ్వయుజ బహుళామావాస్య రాత్రి మన పట్టణములలో ప్రమిదల వెలుగు పొగతెఱల చాటున మాసిపోవుచున్నది. పండుగను నిందించుట మా యుద్దేశము కాదు. పండుగ పేర మనము పీల్చుచున్న దేమో విచారింప గోరుచున్నాము.

బాణసంచాకు మూలమైన నల్లమందులో సురేకారము, బొగ్గుపొడి, గంధకము సామాన్యముగా నూటికి 75, 15, 10 పాళ్లుండును. ఎఱుపునకు స్ట్రాన్షియము, ఆకుపచ్చకు బేరియము, నీలమునకు రాగి లవణములను, తెల్లని మెఱుపునకు అల్యూమినియము పొడిని చేర్చుదురు. రంగు క్షణములో మాయమగును. లోహము మాత్రము నశింపక సూక్ష్మధూళియై గాలిలో నిలుచును. గంధకము మండి ఘాటైన సల్ఫర్ డయాక్సైడు వాయువగును.

ఈ ధూళిలో 2.5 మైక్రానులకు మించని కణములు మిక్కిలి హానికరములు. తలవెంట్రుక మందములో సుమారు 30వ వంతు గల యీ కణములను ముక్కుగాని గొంతుగాని ఆపజాలవు. ఇవి ఊపిరితిత్తుల లోతట్టునకు బోవును. కొన్ని రక్తమునందును గలియును. 24 గంటల సగటున ఘనపు మీటరు గాలిలో ఇవి 60 మైక్రోగ్రాములు మించరాదని మన దేశము 2009లో నియమము చేసికొన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 15 మించరాదన్నది. దీపావళి రాత్రి ఢిల్లీ వంటి నగరములలో నీ లెక్క వందలు దాటుచున్నది. చలి మొదలైన రాత్రులలో నేలనంటిన గాలి చల్లబడి, పైనున్న వెచ్చని పొర మూతవేసినట్లు కాగా, నాటి పొగ మఱునాటి యుదయము వఱకు వీధిని విడువదు.

మా తరగతిలో ఉబ్బసము గల బాలుడొకడు కలడు. పండుగ సెలవుల పిదప వాడు నాలుగు దినములు బడికి రాలేదు. కారణ మడుగ వాని తల్లి, "పండుగ ఊరందరిదీ మాస్టారూ, పొగ మాత్రం మావాడిది" అనినది. మా కుత్తరము తోచలేదు. కాల్చిన వానిది వేడుక, కాల్చనివానిది దగ్గు. ఇది యే ధర్మము?

ఇది యనాదియైన యాచారమని కొందఱందురు. శాస్త్రములు చెప్పిన ఉల్కాదానము పితృదేవతలకు కొఱవి వెలుగుతో త్రోవ చూపుట. ఉల్క యనగా టపాకాయ కాదు. నల్లమందు పుట్టినిల్లు చీనా. పి. కె. గోడే గారు బాణసంచా చరిత్రను 1400 మొదలు 1900 వఱకు గ్రంథస్థము చేసిరి. అది వేదకాలపు కథ కాదు. శివకాశి కూలీల బ్రదుకు తెరువేమగునని మఱికొందఱందురు. న్యాయమైన ప్రశ్నయే. కాని అచటి ప్రేలుళ్లకు బలియగువారును వారే. వారికి వేఱు జీవనోపాధి చూపుట ప్రభుత్వ ధర్మము. వారి పేర మన వేడుకను సమర్థించుకొనుట ధర్మము కాదు. వాహనముల పొగ యేడాది పొడవున లేదా యని యడుగువారును గలరు. ఉన్నది, నిండిన కడవలో నింకొక చెంబెడు పోయుటకు అది కారణము కానేరదు.

2015లో ముగ్గురు పసిబిడ్డల పక్షమున సుప్రీంకోర్టులో వ్యాజ్యము వేయబడెను. 2018 అక్టోబరు 23న ఆ న్యాయస్థానము బేరియము లవణములను నిషేధించి, దీపావళి నాడు రాత్రి 8 మొదలు 10 వఱకు మాత్రమే, అదియు పొగ తక్కువగు హరిత టపాకాయలనే కాల్చవలెనని తీర్పు చెప్పెను. ఇవి ధూళిని నూటికి 30 పాళ్లు తగ్గించునని తయారుచేసిన శాస్త్రజ్ఞుల మాట. తక్కిన 70 పాళ్ల మాట యేమి?

చట్టము వీధి మొగను నిలువగలదు గాని యింటి వాకిట నిలువజాలదు. అచట నిలువవలసినవారు తల్లిదండ్రులు. చప్పుడు చేయనివన్నియు నిర్దోషములని వారు భ్రమపడరాదు; పాముబిళ్లయు, కాకరపువ్వొత్తియు పసివాని ముఖమునకు మిక్కిలి చేరువనే పొగ విడుచును. నూనెయు వత్తియు గల ప్రమిదకు పొగ లేకపోలేదు గాని, అది పొరుగువాని యూపిరి నడ్డగించునంతటిది కాదు. చీకటిని దొలగించుట కది చాలును.